ఎవరు మీలో కోటీశ్వరులు - ప్రముఖుల ప్రత్యేక భాగాలు

ఎవరు మీలో కోటీశ్వరులు జెమిని టీవీలో 2021 ఆగష్టు 22న ప్రారంభమైన తెలుగు ప్రశ్నోత్తరాల కార్యక్రమము. దీనికి నటుడు జూనియర్ ఎన్.టి.ఆర్. వ్యాఖ్యాతగా వ్యవహరించాడు. సామాన్య పోటీదారులు ఆడే భాగాల మధ్య, పండుగలకు, ప్రత్యేక సందర్భాలకు సినిమా ప్రముఖులను పిలిచి ఆడించిన భాగాలు కొన్ని ఉన్నాయి. ఇటువంటి భాగాల్లో ప్రముఖులు గెలిచే సొమ్ము సాధారణంగా ధర్మకార్యాలకు ఇవ్వబడుతుంది. ఈ ప్రత్యేక భాగాల్లో పాల్గొన్నవారిలో దర్శకుడు కొరటాల శివ గుంటూరు జిల్లా పెదకాకానిలో పుట్టినవాడు కాగా, మహేష్ బాబు తండ్రి కృష్ణ స్వగ్రామము అదే జిల్లాలోని బుర్రిపాలెం. ఆట ఎట్లా సాగుతుంది, ధర్మార్థం ఆడేవారు ఎందుకు ఒక మెట్టు వద్ద ఆగిపోతారు, తెలుగునాట సినిమావారు విరాళాలు సేకరించే పద్ధతి ఏవిధంగా మారుతూ వచ్చింది అనే విషయాలు ఈ వ్యాసములో ఉన్నాయి.

పేరు

కోటి, ఈశ్వరుడు అనే పదాలు కలిసి కోటీశ్వరుడు అయింది. ఇది సవర్ణదీర్ఘ సంధి. కోటికి ప్రభువు అని అర్థము. కార్యక్రమము మొదట మాటీవీలో వచ్చినపుడు దాని పేరు 'మీలో ఎవరు కోటీశ్వరుడు'. చిత్రమేమంటే ఆ పేరు పుంలింగ ఏకవచనంలో ఉండగా, పోటీకి స్త్రీలు కూడా పెద్దసంఖ్యలో వచ్చేవారు. జెమిని టీవీకి మారినపుడు మాటల క్రమాన్ని తారుమారు చేసి 'ఎవరు మీలో కోటీశ్వరులు' అని పెట్టారు. ఛానలు మారడం వలన పేరు మారినా, బహువచనం వలన స్త్రీపురుషులిద్దరికీ వర్తించే పేరు వచ్చింది. హిందీలో 'కౌన్ బనేగా కరోడ్‌పతి', తమిళంలో 'నీంగళుం వెల్లలాం ఒరు కోడి', కన్నడంలో 'కన్నడద కోట్యాధిపతి', మలయాళంలో 'నింగళ్‌క్కుం ఆకాం కోడీశ్వరన్' అనే పేర్లతో వచ్చినవి ఇదే కోవకు చెందినవి.

నేపథ్యము

ఈ ఆటకు మూలము బ్రిటనులో ఐటీవీ ఛానలు 1998 సెప్టెంబరు 4న మొదలుపెట్టిన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' అనే కార్యక్రమము. డేవిడ్ బ్రిగ్స్, మైక్ వైట్‌హిల్, స్టీవెన్ నైట్ దీని రూపకర్తలు. క్రిస్ టారంట్ తొలి వ్యాఖ్యాత. కొద్ది సంవత్సరాలలోనే ఈ నమూనా అనేక దేశాలకు పాకింది. భారతదేశంలో 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో అమితాబ్ బచ్చన్ వ్యాఖ్యాతగా హిందీ రూపము మొదలయింది. అప్పటికి సినిమా నటులు బుల్లితెరకు రావడాన్ని చిన్నతనంగా భావించేవారు. బచ్చన్ రాకతో ఆ భావన తొలగిపోయింది. దక్షిణాదిలో 2012లో తమిళంలో సూర్య, కన్నడంలో పునీత్ రాజ్‌కుమార్, మలయాళంలో సురేష్ గోపి వ్యాఖ్యాతలుగా ఆయా భాషల రూపాలు వచ్చాయి.

తెలుగుకు మరి రెండేళ్ళు పట్టింది. 2014 జూన్ 9న మాటీవీలో అక్కినేని నాగార్జున వ్యాఖ్యాతగా మొదలైన 'మీలో ఎవరు కోటీశ్వరుడు' మూడు విడతలు ఆయన చేతిమీదుగా నడిచింది. 2017 ఫిబ్రవరి 13న మొదలైన నాలుగవ విడతకు చిరంజీవి వ్యాఖ్యాత. అప్పటికి మాటీవీ స్టార్ సంస్థ చేతికి వెళ్ళి స్టార్ మా అయింది. తరువాత నాలుగేళ్ళు విరామం. 2021లో కార్యక్రమము జెమిని టీవీకి మారి, జూనియర్ ఎన్.టి.ఆర్. వ్యాఖ్యాతగా మళ్ళీ మొదలయింది. కోవిడ్ రెండవ ఉధృతి వలన ప్రసారం వేసవి నుండి ఆగష్టుకు వాయిదా పడింది. ఆ సంవత్సరము నవంబరులో తెలంగాణకు చెందిన ఒక పోలీసు సబ్-ఇన్‌స్పెక్టరు కోటి రూపాయలు గెలిచాడు. తెలుగు రూపంలో కోటి గెలిచిన మొదటి వ్యక్తి ఆయనే. సామాన్యుడు కోటి మెట్టు ఎక్కిన అదే విడతలో ప్రముఖులు చాలా కింద మెట్ల వద్దే ఆగిపోవడం గమనించదగిన విషయము. దీనికి కారణం తెలివి తక్కువై కాదు. అది కింద వివరించిన లెక్కలో ఉన్నది.

ఆట నియమాలు, సొమ్ము లెక్క

ఆటలో మొత్తం పదిహేను ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు ఇస్తారు, వాటిలో ఒకటే సరైనది. మెట్లు వరుసగా 1,000, 2,000, 3,000, 5,000, 10,000, 20,000, 40,000, 80,000, 1,60,000, 3,20,000, 6,40,000, 12,50,000, 25,00,000, 50,00,000, 1,00,00,000 రూపాయలు. వీటిలో ఐదవ మెట్టు అయిన పదివేలు, పదవ మెట్టు అయిన మూడు లక్షల ఇరవై వేలు స్థిరమైన మెట్లు. అంటే ఆ మెట్టు దాటిన తరువాత తప్పు చెప్పినా ఆ సొమ్ము పోదు. ఏ ప్రశ్న వద్దనైనా జవాబు చెప్పకుండా ఆట విరమించి, అప్పటి వరకు గెలిచిన సొమ్ముతో వెళ్ళిపోవచ్చు. ఇది ముఖ్యమైన నియమము. బడిలో పెట్టే క్విజ్‌కు, దీనికి గల అసలైన తేడా ఇక్కడే ఉంది. బడిలో తప్పు చెబితే మార్కు రాదు, అంతే. ఇక్కడ వచ్చిన సొమ్ము కూడా పోతుంది.

సాయం కోసం పోటీదారుకు 'లైఫ్ లైన్లు' ఉంటాయి. ప్రేక్షకుల అభిప్రాయము అడగడం, నాలుగింటిలో రెండు తప్పు జవాబులను తీసివేయించుకోవడం, స్నేహితునికి ఫోను చేయడం మొదటి నుండి ఉన్నవి. వీటిలో ప్రేక్షకుల అభిప్రాయము మొదటి పది ప్రశ్నలలో బాగా ఉపయోగపడుతుంది. ప్రశ్న పదిమందికీ తెలిసినదైతే ఎక్కువమంది సరైన జవాబే నొక్కుతారు. పై మెట్లలో అడిగేవి ఎవరికో ఒకరికి మాత్రమే తెలిసే ప్రశ్నలు. అప్పుడు జనాభిప్రాయము చీలిపోయి, దానిని నమ్మినవారు నష్టపోవడమూ జరుగుతుంది. కనుక అనుభవము కలిగినవారు దానిని ముందే వాడుకొని, రెండు జవాబులను తొలగించే సాయాన్ని పైకి దాచుకుంటారు.

ఇక ఆగడమా, ఆడడమా అన్న లెక్క. ఇరవై ఐదు లక్షల మెట్టు ఎక్కిన వ్యక్తికి యాభై లక్షల ప్రశ్న వచ్చిందనుకుందాము. ఆగితే 25 లక్షలు. సరైన జవాబుకు 50 లక్షలు. తప్పు చెబితే 3.2 లక్షలు. అంటే గెలిస్తే వచ్చే లాభము 25 లక్షలు, ఓడితే పోయేది 21.8 లక్షలు. జవాబు సరైనదయ్యే అవకాశము నూటికి సుమారు 47 పాళ్ళు ఉంటే లాభనష్టాలు సరిసమానమవుతాయి. అంతకు తక్కువైతే ఆగడమే మేలు. పన్నెండున్నర లక్షల వద్ద నిలబడి 25 లక్షలకు ఆడేవారికి ఇదే లెక్క వేస్తే 43 పాళ్ళు వస్తుంది. 6.4 లక్షల నుండి 12.5 లక్షలకు అయితే 35 లోపే. యాభై లక్షల నుండి కోటికి 48 దాటుతుంది. పైకి పోయేకొద్దీ ఎక్కువ నమ్మకము కావాలి.

నాలుగు జవాబులలో ఏమీ తెలియకుండా ఒకటి ఎంచుకుంటే సరైనదయ్యే అవకాశము 25 పాళ్ళు మాత్రమే. రెండింటిని తొలగించే సాయము మిగిలి ఉంటే అది 50 అవుతుంది. అప్పుడు యాభై లక్షల ప్రశ్నకు గుడ్డిగా జవాబు చెప్పినా సగటున 26.6 లక్షలు వస్తుందని లెక్క చెబుతుంది. అయితే సగటు అనేది వందసార్లు ఆడేవారికి సంబంధించినది. ఒక్కసారే ఆడే మనిషికి 50 లక్షలో, 3.2 లక్షలో ఏదో ఒకటే వస్తుంది. ఆ సొమ్ము తనది కాక ఆసుపత్రిలో ఉన్న పిల్లలదైతే, సగటును నమ్మి బొమ్మాబొరుసు వేయడానికి చెయ్యి రాదు. ధర్మార్థం ఆడేవారు తరచుగా 25 లక్షల వద్ద ఆగిపోవడంలో ఇది ఒక ముఖ్య కారణము.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ బ్రిటనులో ఉంది. 2006లో గృహాలంకరణ నిపుణుడు లారెన్స్ లెవెలిన్-బోవెన్ తన భార్యతో కలిసి ఒక పిల్లల సేవాసంస్థ కోసం ఆడాడు. వారు ఐదు లక్షల పౌండ్ల వరకు వెళ్ళి, పది లక్షల పౌండ్ల ప్రశ్నకు ధైర్యం చేశారు. లాటిన్ నుండి తర్జుమా చేస్తే అమెరికా సంయుక్త రాష్ట్రాల నినాదము ఏమిటి అన్నది ప్రశ్న. దేవుని మీద నమ్మకాన్ని తెలిపే నినాదాన్ని వారు జవాబుగా చెప్పారు. కావలసినది 'అనేకముల నుండి ఒక్కటి' అనే అర్థము వచ్చేది. దాంతో సేవాసంస్థకు రావలసిన సొమ్ము ఐదు లక్షల పౌండ్ల నుండి 32 వేలకు పడిపోయింది. ఒక్క మాటకు 4,68,000 పౌండ్లు పోయాయి. అయితే వారు చెప్పినది అమెరికా అధికారిక నినాదమే కావడము, అది లాటినులో లేకపోవడము వలన ప్రశ్న సరిగా లేదని నిర్వాహకులు తరువాత ఒప్పుకున్నారు. దంపతులను మళ్ళీ పిలిచి మరొక ప్రశ్న ఇచ్చారు. ఈసారి వారు జవాబు చెప్పకుండా ఐదు లక్షల పౌండ్లతో ఆగిపోయారు. ప్రశ్నపత్రము తయారుచేసేవారు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఈ సంఘటన తెలుపుతుంది.

జోలె నుండి హాట్ సీటు వరకు

తెలుగు సినిమావారు ధర్మకార్యాలకు డబ్బు పోగుచేయడం టెలివిజనుతో మొదలయినది కాదు. 1952లో రాయలసీమ కరువు సమయంలో నందమూరి తారక రామారావు విరాళాల కోసం ఊరూరా తిరిగాడు. 1977 నవంబరు 19న కృష్ణా, గుంటూరు తీరాన్ని పెనుతుఫాను ముంచివేసింది. దివిసీమ ఉప్పెనగా పిలువబడే ఈ విపత్తులో పదివేలమందికి పైగా మరణించారు. అప్పుడు రామారావు, అక్కినేని నాగేశ్వరరావు కలిసి జోలెపట్టి వీధులలో విరాళాలు సేకరించారు. అభిమాన నటుడు వాకిటికి వచ్చి జోలె చాచితే చేతిలో ఉన్నది వేయనివారు అరుదు. ఇచ్చినవాడు ప్రేక్షకుడు, అడిగినవాడు నటుడు.

మళ్ళీ ఇటువంటి పెద్ద ప్రయత్నము 2014లో జరిగింది. ఆ సంవత్సరం అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని దెబ్బతీసింది. బాధితుల సహాయార్థము నవంబరు 30న తెలుగు చలనచిత్ర పరిశ్రమ 'మేము సైతం' అనే పేరుతో ఆటపాటలతో రోజంతా కార్యక్రమాన్ని జరిపి, టెలివిజనులో ప్రసారం చేసింది. జోలె స్థానాన్ని తెర ఆక్రమించింది అని చెప్పవచ్చు. 2016లో అదే పేరుతో మంచు లక్ష్మి జెమిని టీవీలో ఒక కార్యక్రమాన్ని నిర్వహించింది. అందులో నటీనటులు ఒకరోజు సామాన్యుల వృత్తిపని చేసి, అలా సంపాదించిన సొమ్మును కష్టాలలో ఉన్న కుటుంబానికి అందజేసేవారు.

ప్రశ్నోత్తరాల కార్యక్రమములో పద్ధతి వేరు. ఇక్కడ ప్రేక్షకుడు ఏమీ ఇవ్వడు. సొమ్ము ఇచ్చేది ఛానలు. ఛానలుకు ప్రకటనల ద్వారా వచ్చిన ఆదాయములో కొంత భాగము, నటుని తెలివి మీద ఆధారపడి, ధర్మకార్యానికి చేరుతుంది. నటుడు జోలె పట్టనక్కరలేదు, తనకు ఏమి తెలుసో, ఏమి తెలియదో పదిమంది ముందు బయటపెట్టుకుంటే చాలు. కొందరికి ఇదే ఎక్కువ కష్టము.

1977లో కలిసి జోలె పట్టిన ఇద్దరిలో నాగేశ్వరరావు కుమారుడు నాగార్జున ఈ కార్యక్రమానికి తొలి వ్యాఖ్యాత కాగా, రామారావు మనుమడు జూనియర్ ఎన్.టి.ఆర్. 2021లో వ్యాఖ్యాత అయ్యాడు. మధ్యలో వ్యాఖ్యాత అయిన చిరంజీవి 1998 అక్టోబరు 2న రక్తనిధిని స్థాపించినవాడు.

2021 నాటి ప్రముఖుల భాగాలు

2021 ఆగష్టు 22న ప్రారంభ భాగానికి రామ్ చరణ్ అతిథిగా వచ్చాడు. అప్పటికి ఎన్.టి.ఆర్., రామ్ చరణ్ కలిసి నటించిన 'ఆర్.ఆర్.ఆర్.' విడుదలకు సిద్ధమవుతున్నది. ఆ చిత్రము 2022 మార్చి 25న విడుదలయింది. తరువాత ఎస్.ఎస్. రాజమౌళి, కొరటాల శివ జంటగా ఆడారు. ఇద్దరూ వ్యాఖ్యాతతో సినిమాలు తీసిన దర్శకులు. రాజమౌళి 'స్టూడెంట్ నెం.1', 'సింహాద్రి', 'యమదొంగ', కొరటాల 'జనతా గ్యారేజ్' తీశారు. దసరా సందర్భంగా సమంత వచ్చింది. సంగీత దర్శకులు దేవిశ్రీ ప్రసాద్, తమన్ జంటగా పాల్గొన్నారు. విడత చివరలో, డిసెంబరు 5న, మహేష్ బాబు ఆడిన భాగము ప్రసారమయింది. ఆయన 25 లక్షల రూపాయలు గెలిచాడు.

ప్రముఖుల భాగాలకు, సామాన్యుల భాగాలకు కొన్ని తేడాలున్నాయి. సామాన్యులు ముందుగా ఫోను ద్వారా ప్రశ్నలకు జవాబు పంపి, వడపోతలు దాటి, స్టూడియోకు వచ్చిన తరువాత కూడా అందరికంటే త్వరగా జవాబు నొక్కినవారే హాట్ సీటు చేరుకుంటారు. ప్రముఖులకు ఇవేవీ ఉండవు, నేరుగా కుర్చీలో కూర్చుంటారు. జంటగా వచ్చినవారు ఒకరితో ఒకరు సంప్రదించుకోవచ్చు. ఇది చెప్పుకోదగ్గ వెసులుబాటు. ఒకరికి పురాణాలు తెలిస్తే మరొకరికి క్రికెట్ తెలిసి ఉండవచ్చు.

ఆట నడిచే తీరు కూడా వేరు. సామాన్యుల భాగములో కుటుంబ విషయాలు, అప్పులు, పిల్లల చదువులు చర్చకు వస్తాయి. ప్రముఖుల భాగములో ప్రశ్నకు ప్రశ్నకు మధ్య షూటింగు జ్ఞాపకాలు, ఛలోక్తులు నడుస్తాయి. అందువలన గంటన్నర భాగములో అడిగే ప్రశ్నలు తక్కువే. చూసేవారికి అది వినోదము. ప్రశ్నల కోసం చూసేవారికి కొంత నిరాశ.

బుర్రిపాలెం, పెదకాకాని

మహేష్ బాబు తండ్రి ఘట్టమనేని కృష్ణ గుంటూరు జిల్లా తెనాలి సమీపములోని బుర్రిపాలెం గ్రామానికి చెందినవాడు. కొరటాల శివ గుంటూరు నుండి విజయవాడ వెళ్ళే దారిలో ఉన్న పెదకాకానిలో పుట్టాడు. వీరిద్దరి కలయికలో 2015 ఆగష్టు 7న విడుదలైన 'శ్రీమంతుడు' చిత్రము ఊరిని దత్తత తీసుకొనే ధనవంతుని కథ. కొరటాల తొలి చిత్రము పేరు 'మిర్చి' (2013) కావడం గుంటూరువారు సరదాగా చెప్పుకొనే మాట. 2015లోనే మహేష్ బాబు తన తండ్రి ఊరైన బుర్రిపాలెంను, తెలంగాణలో సిద్ధాపురాన్ని దత్తత తీసుకున్నాడు. అప్పట్లో గుంటూరు లోక్‌సభ సభ్యుడు గల్లా జయదేవ్ ఆయనకు బావ. 2021లో కోవిడ్ రెండవ ఉధృతి నాటికి బుర్రిపాలెం గ్రామస్థులకు టీకాలు వేయించే ఏర్పాటు కూడా ఆయన చేశాడు.

అయితే ఆయన చేసిన దానధర్మాలలో ఎక్కువమందికి మేలు కలిగించినది పసిపిల్లల గుండె శస్త్రచికిత్సలకు సాయము చేయడము. విజయవాడలోని ఆంధ్ర హాస్పిటల్స్‌తో కలిసి ఈ పని సాగింది. శస్త్రచికిత్సలు పొందిన పిల్లల సంఖ్య 2022 నాటికి వేయి దాటింది. తన కుమారుడు నెలలు నిండకుండా పుట్టినపుడు పడిన ఆందోళన తనను ఈ పనికి పురికొల్పిందని మహేష్ బాబు చెప్పాడు. వైద్యానికి డబ్బులేని తల్లిదండ్రుల పరిస్థితి ఏమిటన్న ఆలోచన అప్పుడే వచ్చిందట.

పుట్టుకతో వచ్చే గుండె లోపాలు ప్రతి వేయి జననాలలో సుమారు ఎనిమిది, తొమ్మిదిమంది పిల్లలలో కనిపిస్తాయి. వీటిలో కొన్ని చిన్న రంధ్రాలు, వాటంతట అవే మూసుకుపోతాయి. కొన్నింటికి మొదటి సంవత్సరములోనే శస్త్రచికిత్స అవసరము. ఆలస్యమయితే ఊపిరితిత్తులలోని రక్తనాళాలు పాడయి, తరువాత శస్త్రచికిత్స చేసినా ఫలితముండదు. అంటే ఇక్కడ డబ్బు రావడం ఎంత ముఖ్యమో, సమయానికి రావడం అంతే ముఖ్యము. ఒక పసిబిడ్డ పాలు తాగుతూ చెమటలు పట్టి ఆయాసపడుతుంటే, పెదవులు నీలంగా మారుతుంటే వెంటనే వైద్యునికి చూపించాలి. పల్లెలలో దీనిని దిష్టిగా భావించి రోజులు గడిపే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు.

కృష్ణ 2022 నవంబరు 15న మరణించాడు.

ఆ శీతాకాలము - మిరప మైదానము

ప్రముఖుల భాగాలు ప్రసారమైన 2021 చివరి నెలలు గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు మరొక కారణంగా గుర్తుండిపోయాయి. ఆగష్టు, సెప్టెంబరు నెలలలో నాటిన మిరప పూతకు వచ్చే సమయానికి నల్ల తామర పురుగు విరుచుకుపడింది. దీని శాస్త్రీయ నామము త్రిప్స్ పార్విస్పైనస్. ఇది మన దేశములో మొదట 2015లో బెంగుళూరు వద్ద బొప్పాయి మీద కనబడిన విదేశీ పురుగు. మామూలు తామర పురుగు ఆకుల మీద ఉండి ఆకులను ముడుచుకుపోయేలా చేస్తుంది. ఇది పూలలో చేరి రసము పీల్చి పూతను రాల్చివేస్తుంది. పూత రాలితే కాయ లేదు. పురుగు పూవు లోపల దాగి ఉండటము వలన మందు కొట్టినా సరిగా తగలదు. మందు మీద మందు మార్చి కొట్టి, విసిగి, పచ్చని తోటలను దున్నివేసినవారున్నారు. పత్తిలో గులాబీ రంగు కాయతొలుచు పురుగు బెడద అప్పటికే ఉండగా, పత్తి వదిలి మిరప వైపు మళ్ళినవారికి కూడా నష్టము తప్పలేదు.

ఈ సంగతి ఇక్కడ ఎందుకంటే, ఆటలోని సొమ్ము విలువ చూసేవారిని బట్టి మారుతుంది. ఎకరా మిరపకు లక్ష రూపాయలు దాటి పెట్టుబడి పెట్టే ప్రాంతములో పదవ ప్రశ్న తరువాత వచ్చే 3,20,000 రూపాయలు రెండు మూడు ఎకరాల పెట్టుబడికి సుమారుగా సమానము. కౌలు రైతుకు అది ఒక సంవత్సరపు అప్పు. నటుడు ఓడితే పడిపోయే మెట్టుగా కనబడే ఆ అంకె, నర్సరావుపేట వైపు గాని, దర్శి, మార్కాపురం వైపు గాని ఇంట్లో కూర్చుని చూసే కుటుంబానికి ఆడపిల్ల చదువో, బ్యాంకులో తాకట్టున్న బంగారమో అవుతుంది. ఈ కార్యక్రమానికి పల్లెలలో ఆదరణ రావడానికి జ్ఞానతృష్ణ ఒక్కటే కారణము కాదు.

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో పాత గుంటూరు జిల్లా నుండి పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడ్డాయి. ప్రకాశం జిల్లాలోని చీరాల, అద్దంకి, పర్చూరు ప్రాంతాలు బాపట్ల జిల్లాలో చేరాయి. నిర్మాత దగ్గుబాటి రామానాయుడు పుట్టిన కారంచేడు కూడా ఈ విధంగా ప్రకాశం నుండి బాపట్ల జిల్లాకు మారింది. పై విషయాలలో జిల్లాల పేర్లు అప్పటి హద్దులను అనుసరించి చెప్పబడినవి.

పన్ను

గెలిచిన సొమ్ము మొత్తము చేతికి రాదు. 2021లో అమలులో ఉన్న ఆదాయపు పన్ను చట్టము (1961) 115బీబీ సెక్షను ప్రకారము ఇటువంటి పోటీలలో గెలుచుకున్న సొమ్ముపై నూటికి 30 వంతున పన్ను పడుతుంది. సొమ్ము ఇచ్చేటపుడే దానిని మినహాయించాలని 194బీ సెక్షను చెబుతుంది. సెస్సు, సర్‌ఛార్జీ వేరు. 25 లక్షలు గెలిచిన సామాన్య పోటీదారుకు ఏడున్నర లక్షలు పోగా పదిహేడున్నర లక్షల లోపే మిగులుతుంది. కష్టపడి సంపాదించిన జీతానికి ఉండే శ్లాబులు, తక్కువ ఆదాయానికి ఉండే మినహాయింపు దీనికి వర్తించవు. మొదటిసారి పోటీకి వెళ్ళేవారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెరమీద చెక్కు చూసిన బంధువులకు అసలే తెలియదు.

విమర్శలు

ప్రముఖుల భాగాలపై తరచుగా వినిపించే విమర్శ, అవి విడుదలకు రాబోయే సినిమాలకు ప్రచారముగా ఉపయోగపడుతున్నాయని. అతిథుల ఎంపిక చూస్తే ఈ విమర్శను పూర్తిగా కొట్టివేయలేము. ప్రశ్నలు తేలికగా ఉంటాయన్నది మరొకటి. దీనిలో కొంత పొరపాటున్నది. నటులకు సినిమా ప్రశ్నలు ఎక్కువ అడిగినట్లు కనబడినా, పన్నెండవ మెట్టు దాటిన తరువాత వచ్చే చరిత్ర, విజ్ఞానశాస్త్ర ప్రశ్నలు ఎవరికైనా కష్టమే. మొదటి ఐదు ప్రశ్నలు సామాన్యులకు కూడా తేలికగానే ఉంటాయి. అవి పోటీదారు బెరుకు పోగొట్టడానికి ఉద్దేశించినవి.

వీటికంటే ఆలోచించవలసినది లెక్కకు సంబంధించినది. అతిథి తాను గెలిచిన సొమ్ము ఫలానా మంచిపనికి ఇస్తున్నట్లు తెరమీద చెబుతాడు. ఆ సొమ్ముతో ఎంతమందికి ఏమి జరిగిందన్నది ఆటలో భాగము కాదు, ప్రసారము అంతకుముందే ముగుస్తుంది. జోలె పట్టిన కాలములో కూడా ఈ సందేహము లేకపోలేదు గాని, అప్పుడు ఇచ్చినవాడి రూపాయి కనుక అడిగే హక్కు వాడికి ఉండేది. ఛానలు సొమ్ము కాబట్టి ఇప్పుడు ప్రేక్షకుడు అడగడు.

హిందీ కార్యక్రమములో 2018 నుండి వచ్చిన 'కరమ్‌వీర్' భాగాలు ఈ లోపాన్ని కొంతవరకు సరిదిద్దే పద్ధతిని చూపించాయి. అందులో హాట్ సీటులో కూర్చునేది సమాజసేవ చేస్తున్న వ్యక్తి. పక్కన తోడుగా ఒక నటుడో, నటియో ఉండటం కద్దు. సేవ చేసే వ్యక్తి స్వయంగా తన పని గురించి చెబుతాడు, దానికి సంబంధించిన దృశ్యాలు చూపిస్తారు, గెలిచిన సొమ్ము ఆ పనికే వెళుతుంది. నటుడు ఉన్నందున జనము చూస్తారు, సేవకుడు ఉన్నందున ఆ సొమ్ము ఎక్కడికి పోతున్నదో వారికి తెలుస్తుంది. 2019లో ఇన్ఫోసిస్ ఫౌండేషన్‌కు చెందిన సుధామూర్తి ఈ విధంగానే పాల్గొని 25 లక్షల రూపాయలు గెలిచింది. ఆమె కూడా ఆ మెట్టు దగ్గరే ఆగింది.